మార్టిన్ బర్చ్ (1948–2020)

మార్టిన్ బర్చ్ ఆంగ్లదేశీయుడైన ధ్వనిముద్రణ ఇంజనీరు, రికార్డు ప్రొడ్యూసరు. ఇతడు 1948 డిసెంబరు 27వ తేదీన లండను నగరమునకు నైరృతి దిశనున్న సర్రీ మండలమునందలి వోకింగ్ పట్టణమున జన్మించెను. డీప్ పర్పుల్, రెయిన్‌బో, వైట్‌స్నేక్, బ్లాక్ సాబత్, ఐరన్ మెయిడెన్ అను బృందముల ప్రసిద్ధమైన ఆల్బములలో పెక్కు ఇతని చేతిమీదుగా వెలువడినవే. హెవీ మెటల్ అని పిలువబడు గీతరీతి 1970 ప్రాంతమున బ్లూస్ పాటల పుట్టింటినుండి విడివడి, మరి పండ్రెండేండ్లకు తనకొక స్వరూపమును, ఒక శ్రోతృవర్గమును సంపాదించుకొనుటలో, గిటారు వాయించినవారికిని గొంతెత్తి పాడినవారికిని ఎంత భాగము కలదో, మిశ్రణయంత్రము ముందు మారు మాటాడక కూర్చున్న ఈ మనుష్యునకును దాదాపు అంత భాగము కలదు. అయినను ఇతని ముద్రణలను వరుసగా విన్నచో, ఇది బర్చ్ ముద్ర యని వ్రేలు పెట్టి చూపదగినది వానిలో కానరాదు. ఇతని విశేషమంతయు ఇందే యున్నది. తమ అభిరుచిని బృందములపై రుద్ది, ఎవరు వాయించినను ఒక్కతీరున వినిపింపజేసిన ప్రొడ్యూసర్లు పలువురు కలరు. బృందము వేదికపై ఏ వేగముతో, ఏ బలముతో మ్రోగునో ఆ వేగబలములు చెడకుండ టేపునకెక్కించుటయే తన పనియని నమ్మి, ఇరువదేండ్లకు పైగా ఆ నమ్మకమును విడువనివాడు బర్చ్.

రికార్డు ప్రొడ్యూసరు చలనచిత్ర నిర్మాత వలె ధనము పెట్టువాడు కాడు. ఏ పాట ముద్రింపదగినది, ఏ గదిలో ముద్రింపవలెను, గాయకుడు పలుమార్లు పాడినదానిలో ఏది నిలుపదగినది, ఎచ్చట చాలింపవలెను అను నిర్ణయములు అతనివి. మైక్రోఫోనును వాద్యమునకెంత దూరమున, ఏ కోణమున నిలుపవలెను, ఏ ధ్వనిని టేపునందలి ఏ ట్రాకునకు పంపవలెను, తుదకన్నిటిని ఏ పాళ్లలో కలుపవలెను అనునవి ఇంజనీరు విధులు. బర్చ్ ఇంజనీరుగా మొదలిడి ప్రొడ్యూసరైనవాడు; పెద్ద పదవికి వచ్చిన పిదపను మీటలను పరుల చేతికి ఊరక వదలలేదు. హెవీ మెటల్ విషయమున ఈ పని సామాన్యమైనది కాదు. విద్యుద్గిటారును యాంప్లిఫయరు శక్తికి మించి మ్రోగించినప్పుడు ఆ నాదము చిట్లి, బరకయై, మంద్రమునుండి తారము వరకు గల అవకాశమునంతయు తానే ఆక్రమించును. దాని క్రింద బేస్ గిటారు మునుగును, కంచుతాళముల మ్రోత దానిలో కరగిపోవును, గాయకుని మాట తెలియరాదు. దేనిని తగ్గించినను బలము పోవును. దేనిని తగ్గింపకున్నను రొదయే మిగులును. అన్నియు తారాస్థాయిలో మ్రోగుచున్నవను భ్రాంతిని శ్రోతకు కలిగించుచునే, దేని చోటు దానికి చూపవలెను. ఈ చిక్కును విప్పుట కేమి చేయవలెనో తెలుపు గ్రంథమేదియు 1970లో లేదు. విప్పుచు నేర్చినవారిలో బర్చ్ ఒకడు.

ఇతని శిక్షణ లండనులోని డి లేన్ లీ స్టూడియోలో జరిగెను. 1969 నాటికే జెఫ్ బెక్ బృందపు ‘బెక్ ఓలా’, ఫ్లీట్‌వుడ్ మాక్ వారి ‘దెన్ ప్లే ఆన్’ ఆల్బములకు ఇతడు ఇంజనీరుగా పనిచేసెను. తరువాతి కాలమున అమెరికాలో మృదువైన పాటలతో కోట్ల శ్రోతలను గడించిన ఫ్లీట్‌వుడ్ మాక్ ఆనాడు పీటర్ గ్రీన్ నాయకత్వమున బ్లూస్ వాయించు బృందముగ నుండెను; వారితో బర్చ్ సంబంధము 1973 వరకు సాగి, ‘పెంగ్విన్’, ‘మిస్టరీ టు మీ’ అను ఆల్బములకు సహ ప్రొడ్యూసరగుటకు దారితీసెను. విష్‌బోన్ ఆష్ అను బృందమునకు ఇతడు ముద్రించిన మూడు ఆల్బములలో 1972 నాటి ‘ఆర్గస్’ ప్రశస్తమైనది. రెండు గిటార్లు ఒకదాని ననుసరించి మరియొకటి శ్రుతికలిసి పాట నడపు పద్ధతి ఇందు స్పష్టముగ వినవచ్చును. పదేండ్ల పిదప ఐరన్ మెయిడెన్ వారి జంట గిటార్లను ముద్రించునప్పుడు ఈ అనుభవము బర్చ్‌కు అక్కరకు వచ్చియుండునని తలచుట తప్పు కాజాలదు.

అయినను ఇతనిని తీర్చిదిద్దినది డీప్ పర్పుల్ బృందమే. 1970 జూను మాసమున వెలువడిన ‘ఇన్ రాక్’ ఆల్బము మూడు స్టూడియోలలో, ముగ్గురు ఇంజనీర్ల చేతులలో తయారయ్యెను. డి లేన్ లీలో ముద్రితమైన భాగము బర్చ్‌ది. ఈ బృందమున ఒక విచిత్రమైన సంకటముండెను. రిచీ బ్లాక్‌మోర్ గిటారు ఎంత బిగ్గరగా మ్రోగునో, జాన్ లార్డ్ యొక్క హామండ్ ఆర్గనును అంతే బిగ్గరగా మ్రోగెడిది. ఏలయన లార్డ్ తన ఆర్గనును సహజమైన స్పీకరుకు బదులు గిటారు వాద్యకారులు వాడు మార్షల్ యాంప్లిఫయరునకే తగిలించి, దానినొక రెండవ గిటారుగ మార్చివేసెను. ఒకే స్వరావకాశమునకై రెండు వాద్యములు పోరుచుండగా, ఆ పోరు వినబడవలెను గాని రెండును ఒకటై గుజ్జు కారాదు. ఆ ఆల్బము అట్టమీద ఒక్కొక్క పాటకు రెండు మాటల వ్యాఖ్య వ్రాసిన బృందమువారు ‘హార్డ్ లవిన్ మాన్’ అను పాటను బర్చ్‌కు అంకితమిచ్చి, అతనిని ఉత్ప్రేరకమని పేర్కొనిరి. ఇరువది యొక్క యేండ్ల ఇంజనీరున కిట్టి గౌరవము దక్కుట ఆ రోజులలో అరుదు.

1971 డిసెంబరు మాసమున స్విట్జర్లండులోని మాంట్రో పట్టణమున జరిగిన ముద్రణ రాక్ సంగీత చరిత్రలో పురాణకథ వంటి దయ్యెను. స్టూడియో గదుల నిశ్శబ్దమున తమ వేదికాధ్వని చచ్చిపోవుచున్నదని తలచిన డీప్ పర్పుల్ వారు జెనీవా సరస్సు తీరమున నున్న కాసినో మందిరమును కుదుర్చుకొని, రోలింగ్ స్టోన్స్ బృందమువారి సంచార స్టూడియోను అద్దెకు తెప్పించిరి. ఈ సంచార స్టూడియో యనునది మిశ్రణబల్లయు టేపు యంత్రములును అమర్చిన యొక లారీ. డిసెంబరు 4వ తేదీన, తమ పని మొదలు కాకమునుపే, అదే కాసినోలో ఫ్రాంక్ జాపా కచేరి జరుగుచుండగా ప్రేక్షకులలో నొకడు ఫ్లేర్ తుపాకి పేల్చుటచే నిప్పంటుకొని మందిరమంతయు దగ్ధమయ్యెను. మాంట్రో జాజ్ ఉత్సవ స్థాపకుడగు క్లాడ్ నాబ్స్ పూనుకొని వారికి పెవిలియన్ అను నాటకశాలను చూపెను. అచ్చట అర్ధరాత్రివేళ ఒక పాటకు వాద్యభాగము ముద్రితమగుచుండగా ఇరుగుపొరుగువారి ఫిర్యాదుపై పోలీసులు వచ్చిరి; ముద్రణ ముగియువరకు బృందపు పనివారు తలుపులు తీయక బిగబట్టిరట. అట్లు చిక్కిన వాద్యభాగమే, సరస్సుపై వ్యాపించిన పొగను గూర్చిన మాటలు చేరి, ‘స్మోక్ ఆన్ ది వాటర్’ అయ్యెను.

తుదకు వారికి దొరకినది చలికాలమున మూతపడియున్న గ్రాండ్ హోటల్. నడవలలో వాద్యములు నిలిపి, ధ్వని చెదరకుండ పరుపులు అడ్డుపెట్టి, లారీనుండి తీగెలను లోనికి లాగి పని సాగించిరి. వాయించినదానిని వినవలెనన్న పడకగదులగుండ, బాల్కనీలగుండ, మంచులో నడచి లారీకి పోవలసివచ్చెడిది. కొలది మార్లు పోయి విసిగిన వాద్యకారులు వినుటయే మానివేసిరి. ఏది నిలుచును, ఏది నిలువదు అను తీర్పు లారీలో కూర్చున్న ఇంజనీరుపై పడెనని వేరుగ చెప్పనక్కరలేదు. 1972 మార్చిలో ‘మెషీన్ హెడ్’ అను పేర వెలువడిన ఆ ఆల్బము బ్రిటనులో ప్రథమస్థానము నలంకరించెను. హోటలు నడవలో పుట్టిన ఆ డ్రమ్ముల నాదము, ఒట్టిగానే యుండియు ఒరిగిపోని ఆ గట్టిదనము, ఖరీదైన స్టూడియోలు పెక్కింటికి నేటికిని పట్టుబడలేదు.

అదే యేడు ఆగస్టు 15, 16 తేదీలలో ఒసాకాయందును, 17వ తేదీన టోకియోలోని బుడోకాన్‌యందును ఈ బృందము కచేరీలు చేసెను. జపానులోని రికార్డు సంస్థవారు కచేరీ ఆల్బము కావలెనని కోరిరి. బృందమునకు ఇందు ఉత్సాహము లేదు. వేదికపై కలుగు ఆవేశము టేపునకు దొరకదని వారి అభిప్రాయము. తమకు నమ్మకమైన ఇంజనీరు వచ్చినచో సమ్మతింతుమని బర్చ్‌ను వెంటగొనిపోయిరి. ఎనిమిది ట్రాకుల యంత్రముపై ఇతడు ముద్రించిన ‘మేడ్ ఇన్ జపాన్’ పిమ్మట స్టూడియోలో అతుకులు వేయక, తప్పులు దిద్దక ప్రకటింపబడినది. కచేరీ ఆల్బములలో సగము స్టూడియోలో తిరిగి వాయించి నింపుట పరిపాటియైన కాలమున ఇది చెప్పుకొనదగిన నియమము. ఎడమచెవి వైపున ఆర్గను, కుడిచెవి వైపున గిటారు నిలిచి, రెంటి నడుమ గాయకుడు ఇయాన్ గిల్లన్ గొంతు చీల్చుకొనివచ్చు ఆ ముద్రణలో బర్చ్ ప్రజ్ఞ అట్టహాసము లేకయే ప్రకాశించును. వ్యాసకర్త ఎరిగినంతలో ఇంతకు మించిన రాక్ కచేరీ ముద్రణ లేదు.

1974లో ‘స్టార్మ్‌బ్రింగర్’ ఆల్బమున బృందముతోపాటు బర్చ్ పేరును ప్రొడ్యూసరుగ చేరెను. 1975లో బ్లాక్‌మోర్ ఆ బృందమును వీడి రెయిన్‌బోను స్థాపించినప్పుడు బర్చ్ అతని వెంట మ్యూనిక్ నగరములోని మ్యూజిక్‌లాండ్ స్టూడియోకు పోయెను. ఒక హోటలు భవనపు నేలమాళిగలో జార్జియో మొరోడర్ నెలకొల్పిన ఆ స్టూడియోలో 1976 ఆరంభమున ముద్రితమైన ‘రైజింగ్’ ఆల్బములో ఆరు పాటలే కలవు. వానిలో ‘స్టార్‌గేజర్’ ఎనిమిది నిమిషములకు పైబడినది. మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందము, కోజీ పావెల్ డ్రమ్ములు, రోనీ జేమ్స్ డియో గానము ఇందు ఒకదాని నొకటి అణచక నడచును. తంత్రీవాద్య సమూహమును రాక్ బృందముతో కలుపుట అప్పటి కెందరో చేసియుండిరి గాని, పలువురి చేతిలో అది అలంకారమాత్రముగ మిగిలెను. ఇచ్చట అది పాట బరువును మోయును.

డీప్ పర్పుల్ మాజీ గాయకుడైన డేవిడ్ కవర్‌డేల్ స్థాపించిన వైట్‌స్నేక్‌కు 1978 నుండి 1984 వరకు బర్చ్ వరుసగా ఆల్బములు చేసెను. అవి సొగసైన పని. క్రొత్త దారులు త్రొక్కినవి కావు.

బ్లాక్ సాబత్ కథ వేరు. 1970లో హెవీ మెటల్‌కు ఆది రూపమిచ్చిన ఈ బృందము దశాబ్దాంతమునకు అలసి, గాయకుడైన ఆజీ ఆస్‌బర్న్‌ను 1979లో తొలగించి, డియోను చేర్చుకొనెను. కొన్ని యేండ్లుగా ప్రొడ్యూసరు బాధ్యతను ముఖ్యముగ గిటారు వాద్యకారుడైన టోనీ అయోమీయే మోయుచు వచ్చెను. వాయించుటయు, వాయించినదానిని పరీక్షించుటయు ఒక్కని పనియైనప్పుడు రెంటికిని న్యాయము జరుగుట కష్టము. రెయిన్‌బో కాలమునుండి డియో ఎరిగిన బర్చ్ రాకతో అయోమీకి గిటారు మాత్రమే మిగిలెను. మయామీలోని క్రైటీరియా స్టూడియోయందును, పారిస్‌లోని ఫెర్బర్ స్టూడియోయందును ముద్రితమై 1980 ఏప్రిలులో వెలువడిన ‘హెవెన్ అండ్ హెల్’ బృందమునకు పునర్జన్మ నిచ్చెను. కర్మాగారములో వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనిన అయోమీ తంత్రులను వదులుచేసి వాయించుటచే అతని గిటారు సహజముగనే మంద్రస్థాయికి దిగును. పూర్వపు ఆల్బములలో ఆ మంద్రమున గీజర్ బట్లర్ బేస్ కలిసిపోయి ఒకటే చీకటిగ వినబడెడిది. ఆ చీకటిలో ఒక మోహము లేకపోలేదు. బర్చ్ దానిని విడదీసి, బేస్ గిటారునకు దాని నడకను దానికిచ్చి, వాని పైన డియో గొంతు స్వేచ్ఛగ ఎగురుటకు ఆకాశము మిగిల్చెను. పాత సాబత్‌ను ప్రేమించినవారిలో కొందరికి ఈ వెలుతురు నచ్చలేదు. వారి పక్షమునను కొంత న్యాయము కలదు. 1981 నాటి ‘మాబ్ రూల్స్’ ఇదే త్రోవన సాగెను. ఈ నడుమనే అమెరికాకు చెందిన బ్లూ అయిస్టర్ కల్ట్‌కు రెండు ఆల్బములు, 1982లో మైకేల్ షెంకర్ బృందమునకు ‘అసాల్ట్ అటాక్’ ఇతడు సమకూర్చెను.

తూర్పు లండనులో స్టీవ్ హారిస్ స్థాపించిన ఐరన్ మెయిడెన్ 1980లో తన మొదటి ఆల్బమును ప్రకటించెను. దాని ధ్వని హారిస్‌కు రుచింపలేదు. డీప్ పర్పుల్ రికార్డులు వినుచు పెరిగిన ఆ యువకులకు బర్చ్ పేరు సుపరిచితమే గాని, అంతటివానిని అడుగుటకు ధైర్యము చాలలేదు. అడిగియుండినచో మొదటి ఆల్బమునకే వచ్చియుందునని బర్చ్ తరువాత వారితో చెప్పెను. 1981 ఫిబ్రవరిలో వెలువడిన ‘కిల్లర్స్’ మొదలు 1992 వరకు ఈ బృందపు స్టూడియో ఆల్బములన్నియు ఇతనివే. ఇతడు వీరికి ప్రొడ్యూసరు మాత్రమే కాక ఒక విధమైన పెద్దదిక్కుగను ఉండెను. అట్టలమీద ఇతని పేరు నడుమ హెడ్‌మాస్టర్ అనియు, ఫార్మర్ అనియు ఆల్బమునకొక ముద్దుపేరు అచ్చువేయుట బృందమువారికి వేడుక.

క్రొత్త గాయకుడు బ్రూస్ డికిన్సన్ చేరిన పిదప, లండనులోని బ్యాటరీ స్టూడియోలో ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ ముద్రింపబడెను. ఆ పేరుగల పాట మొదటి పాదములు మెల్లగా, దాదాపు గుసగుసగా సాగవలెను. వానిని బర్చ్ గంటల తరబడి తిరిగి తిరిగి పాడించెను. డికిన్సన్ సహనము నశించి గదిలోని కుర్చీలను విసరివేయగా, ‘హెవెన్ అండ్ హెల్’ పాట తొలి పాదములకు డియో సైతము ఇదే యాతన అనుభవించెనని బర్చ్ తాపీగ నచ్చజెప్పెను. ఆ పాటలో ఉపోద్ఘాతము పిదప వినవచ్చు దీర్ఘమైన కేక ఆ కోపమునుండి వచ్చినదేనని గాయకుడే పలుమార్లు చెప్పియున్నాడు. గొంతు బలము గలవానిచే అరపించుట ఎవరికైనను సాధ్యము; అరపునకు ముందున్న నెమ్మదిని రాబట్టుటలోనే ప్రొడ్యూసరు విలువ తెలియును. ఈ ముద్రణ దినములలోనే బర్చ్ వాహనము సన్యాసినులు ప్రయాణించుచున్న చిన్న బస్సును ఢీకొనెననియు, మరమ్మతు పట్టీ సరిగ 666 పౌండ్లు రాగా, ఆల్బము పేరు సూచించు ఆ సంఖ్యకు జంకి ఇతడు 667 చేయించుకొని చెల్లించెననియు ఒక కథ కలదు. బృందమువారు నవ్వుచు చెప్పునదే గాని, బర్చ్ కాదనలేదు. 1982 మార్చిలో వెలువడిన ఆ ఆల్బము బ్రిటనులో ప్రథమస్థానమునకు చేరెను.

బహామా దీవులలోని నస్సావ్ నగరమున కంపాస్ పాయింట్ స్టూడియోలో 1983లో ‘పీస్ ఆఫ్ మైండ్’, 1984లో ‘పవర్‌స్లేవ్’ తయారయ్యెను. హారిస్ బేస్ గిటారును పిక్కుతో గాక వ్రేళ్లతోనే మీటుచు, గుఱ్ఱపు దౌడును పోలిన లయలో నడపును; తీగె ఫలకమునకు తగులు టక్కుటక్కు శబ్దమే ఆ శైలికి ప్రాణము. మంద్రవాద్యమున కింత పదునేల యని వేరొక ఇంజనీరు దానిని నునుపు చేసియుండునేమో. బర్చ్ దానినే ముందుకు తెచ్చి, డేవ్ మరే, ఏడ్రియన్ స్మిత్‌ల గిటార్లను ఇరుప్రక్కల నిలిపెను. కోల్‌రిడ్జి కావ్యము నాధారముగ గొని హారిస్ కూర్చిన పదమూడు నిమిషముల పాట ‘పవర్‌స్లేవ్’ చివర కలదు. దాని నడుమ వాద్యములన్నియు ఇంచుమించు ఆగిపోయి, ఓడ కొయ్యల కిరకిర మాత్రము వినవచ్చు ఘట్టమున బర్చ్ చూపిన సంయమనము ప్రశంసనీయము. 1985 నాటి కచేరీ ఆల్బము ‘లైవ్ ఆఫ్టర్ డెత్’ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌యందును, లండనులోని హామర్‌స్మిత్ ఓడియన్‌యందును ముద్రితమైనది.

1986 నాటి ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’లో గిటార్ సింథసైజర్లు, 1988 నాటి ‘సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్’లో కీబోర్డులు ప్రవేశించెను. ధ్వని నిగ్గుతేలినను పూర్వపు ఒరపిడి కొంత తగ్గెను. 1990లో బృందము సరళతను కోరి ఎసెక్స్‌లో హారిస్‌కు చెందిన కొట్టములో ‘నో ప్రేయర్ ఫర్ ది డైయింగ్’ ముద్రించినప్పుడు, తలుపు ముందు నిలిచిన లారీ మాంట్రోకు వచ్చిన రోలింగ్ స్టోన్స్ సంచార స్టూడియోయే. లారీ అదియే గాని ఫలితము అది కాలేదు. పాటలలో పస తగ్గినప్పుడు ముద్రణలోని సహజత్వము ఆ లోపమును కప్పుటకు మారు బయటపెట్టును. 1992 మే మాసమున వెలువడిన ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’లో హారిస్ సహ ప్రొడ్యూసరు. బ్రిటనులో అదియు ప్రథమస్థానము పొందెను.

ఆ ఆల్బముతో బర్చ్ ఈ వృత్తిని విరమించెను. అప్పటి కతని వయస్సు 43 ఏండ్లు. ఆ వయస్సున ఇంజనీర్లలో పలువురు ఇంకను పేరు గడించుచుందురు. పత్రికలతో అరుదుగ మాటాడినవాడు గనుక విరమణను గూర్చియు పెద్ద ప్రకటనలు వెలువడలేదు. తిరిగి రావలసినదని అభిమానులు కోరుచు వచ్చినను అతడు రాలేదు. నడుమ బృందమును వీడిన డికిన్సన్, స్మిత్‌లు 1999లో మరలి వచ్చిన పిదప ఐరన్ మెయిడెన్ ముద్రణభారము కెవిన్ షిర్లీ వహించెను.

బర్చ్ 2020 ఆగస్టు 9వ తేదీన, 71 ఏండ్ల వయస్సున మరణించెను. ఆ వార్తను లోకమునకు తెలియజేసినవారిలో మొదటివాడు కవర్‌డేల్. ఇతని పనితనమును తెలియగోరువారు ‘మేడ్ ఇన్ జపాన్’, ‘రైజింగ్’, ‘హెవెన్ అండ్ హెల్’, ‘పీస్ ఆఫ్ మైండ్’ అను నాలుగింటిని, వీలైనచో ఈ క్రమముననే, వినదగును.